ఐసీయూలో కొత్తగా నైట్ డ్యూటీ: రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా ఏమేం చూడాలి?

కొత్తస్టాఫ్_హన్మకొండ · సోమవారం, సాయంత్రం 5:40

వచ్చే వారం నుంచి మెడికల్ ఐసీయూలో నైట్. వార్డు పని అలవాటే, ఐసీయూ కొత్త. ఇద్దరు పేషెంట్లను ఇస్తరట, ఒకరు వెంటిలేటర్ మీద ఉండొచ్చు. ఎవరిని అడిగినా "చేస్తుంటే అదే వస్తది" అంటున్నరు. మొదటి గంటలో ఏం చూడాలె, పంపుల దగ్గర ఎక్కడ తప్పు పోతది, డాక్టర్‌ని ఎప్పుడు లేపాలె, ఇవి లెక్కలతో సహా చెప్పున్రి. మా దిక్కు చేను మందు తాగిన కేసులు ఎక్కువ, వాటి సంగతి కూడా.

ఇన్‌ఛార్జక్క · సోమవారం, సాయంత్రం 6:25

ఓవర్ (డ్యూటీ అప్పగింత) కౌంటర్ దగ్గర కాదు, మంచం దగ్గరే తీసుకో. 7:45కే పో. వెళ్లే సిస్టర్ బ్యాగు భుజాన వేసుకోకముందే ఇద్దరూ కలిసి చూడాల్సినవి ఉన్నాయి. ప్రతి పంపు మీద మందు పేరు, ఎంత మందు ఎన్ని మి.లీ.లో కలిపారు, ఎంత రేటులో పోతోంది, అది కేస్ షీట్‌లోని ఆర్డర్‌తో కలుస్తుందా. ఊపిరి ట్యూబు పెదవి దగ్గర ఏ సెంటీమీటర్ గీత మీద ఉంది, చార్టులో ఎంత రాశారు. ఒంటికి పెట్టిన గొట్టాలెన్ని, ఏవి ఏ రోజు పెట్టారు. వీపు, పిరుదుల మీద చర్మం ఎలా ఉందో పక్కకు తిప్పి ఇద్దరూ కళ్లారా చూడాలి. లేకపోతే పొద్దున కనిపించిన పుండు ఎవరి డ్యూటీలో వచ్చిందో తేలదు.

ఆమె వెళ్లిపోయాక నీ సొంత తనిఖీ. మంచం దగ్గర అంబు బ్యాగ్ (చేత్తో పిండి ఊపిరి ఇచ్చే సంచి) ఉంటుంది, దానికి మాస్క్ ఉండదు. ట్యూబు ఊడిపోయినప్పుడు ఆ మాస్క్ కోసమే వెతుకుతారు. అందుకే బ్యాగును అరచేతితో మూసి పిండి గాలి లీకవుతుందేమో చూడు, మాస్క్ తగిలించి పెట్టు. సక్షన్ (కళ్లె లాగే మిషన్) ఆన్ చేసి గొట్టం చివర బొటనవేలుతో మూసి ముల్లు లేస్తుందా చూడు. జార్ నిండి ఉంటే అప్పుడే ఖాళీ చేయించు. తెల్లారగట్ల ఆయమ్మ దొరకదు.

తర్వాత ప్రతి లైనునూ సీసా నుంచి సూది దాకా చేత్తో పట్టుకుని వెళ్లు. కళ్లతో కాదు, చేత్తో. మూడు నాలుగు ఇన్ఫ్యూజన్లు ఒకే త్రీ-వే (మూడు దారుల చిన్న కొళాయి) గుత్తిలో కలిసే చోట ఏది ఎటు పోతోందో కంటికి అందదు. పైన సిరంజికీ, కింద పేషెంట్ దగ్గరి చివరకూ రెండు చోట్లా లేబుల్ ఉండాలి. ఇది 20 నిమిషాల పని, ఇది అయ్యేదాకా ఫైల్ తెరవకు.

మంచిర్యాల_నైట్ · సోమవారం, రాత్రి 7:02

అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతున్న. అలారం హద్దులు. పోయిన షిఫ్టులో ఎవరో విసుగుతోటి బీపీ అలారం 40 కాడ పెట్టి పోయి ఉంటరు. ఎంఏపీ (సగటు బీపీ) 65 ఉండాలని ఆర్డరుంటే అలారం 60 కిందికి ఉండొద్దు. శాట్ (రక్తంల ఆక్సిజన్ శాతం) 90 కాడ మోగాలె. పల్స్ కిందికి 50, మీదికి 130 అని మొదలువెట్టి, పేషెంట్‌ను బట్టి మార్చున్రి. వట్టిగనే మోగుతుందని సౌండు బందు చేసుడు కాదు, ఎందుకు మోగుతుందో చూడున్రి. సగం సార్లు ఎండిపోయిన ఈసీజీ స్టిక్కరే ఉంటది. చెమట తుడిచి, కొత్తవి అతికిస్తే గోల పోతది. స్టిక్కర్లు రోజుకొక్కసారి మార్చేటివి, ఊడేదాకా ఉంచేటివి కావు.

బయోమెడికల్_అన్న · సోమవారం, రాత్రి 8:30

పంపుల గురించి అడిగారు కాబట్టి. నర్సులు "పంపు ఖరాబైంది" అని పంపే మిషన్లలో చాలావాటికి జబ్బేమీ ఉండదు. తేడా వచ్చే చోట్లు ఇవి.

సిరంజి సైజు, కంపెనీ. 50 మి.లీ. సిరంజి అని పంపు దానంతటదే గుర్తుపట్టవచ్చు, కానీ ఏ కంపెనీదో మీరే ఎంచాలి. స్టోర్ నుంచి ఈ నెల వేరే కంపెనీ సిరంజిలు వస్తే, లోపలి వెడల్పులో తేడా వల్ల తెరమీద 5 అని ఉన్నా పోయేది 5 కాదు.

రెండోది, సిరంజి పెట్టగానే స్టార్ట్ నొక్కడం. సిరంజి ప్లంజర్‌కీ, దాన్ని తోసే భాగానికీ మధ్య కాస్త సందు ఉంటుంది. గంటకు 2 మి.లీ. రేటులో ఆ సందు పూడటానికే చాలా నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా మందు చుక్క కూడా కదలదు, తెర మీద మాత్రం పోతున్నట్టే ఉంటుంది. అందుకే పేషెంట్‌కు తగిలించకముందే పంపు మీది పర్జ్ బటన్ నొక్కి లైను చివర చుక్క రాలేదాకా ఆగాలి. తగిలించిన తర్వాత పర్జ్ నొక్కితే అది నేరుగా ఒంట్లోకి బోలస్, అంటే ఒక్కసారిగా పోయే మోతాదు.

మూడోది, అక్లూజన్ (లైను మూసుకుపోయింది అనే) అలారం. త్రీ-వే మూసుకుపోయి అలారం మోగేసరికి లైనులో ఒత్తిడి పేరుకుని ఉంటుంది. హడావుడిగా త్రీ-వే తిప్పారంటే ఆ ఇరుక్కున్న మందంతా ఒక్కసారి లోపలికి పోతుంది. ముందు పేషెంట్ వైపు మూసే ఉంచి, లైను విప్పి ఒత్తిడి వదిలి, అప్పుడు తెరవాలి. పంపును మంచం కంటే బాగా పైకి బిగించినా, నడుస్తుండగా పైకి జరిపినా కాస్త మందు అదనంగా జారుతుంది. గుండె ఎత్తుకు దగ్గర్లో ఉంచండి.

ఛార్జింగ్ సంగతి చెప్పనక్కర్లేదు అనుకుంటాం గానీ, పంపు ప్లగ్గులో ఉందా అన్నది కాదు, ప్లగ్గు స్విచ్ వేసి ఉందా చూడండి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు ఆగిపోయే పంపులు అవే.

కొత్తస్టాఫ్_హన్మకొండ · సోమవారం, రాత్రి 9:10

నార్అడ్ (బీపీ నిలబెట్టే నార్అడ్రినలిన్) సిరంజి అయిపోతుంటే మార్చేటప్పుడు బీపీ పడిపోతది అంటరు కదా. అది ఎట్ల చెయ్యాలె?

ఎనస్థీషియా_పీజీ · సోమవారం, రాత్రి 10:45

ముందు లెక్క. 4 మి.గ్రా.ను 50 మి.లీ. చేస్తే మి.లీ.కి 80 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి 0.1 డోస్ (కిలోకు, నిమిషానికి 0.1 మైక్రోగ్రాము) అంటే నిమిషానికి 6 మైక్రోగ్రాములు, గంటకు 360, అంటే గంటకు 4.5 మి.లీ. ఇది ఒక్కసారి కాగితం మీద చేసుకుని జేబులో పెట్టుకోండి. రేటు ఎప్పుడు చూసినా డోస్ తలలో మెదలాలి. 9 మి.లీ. అని కనిపిస్తే 0.2 అని తట్టాలి.

ఆంప్యూల్ మీద రాసింది చదవండి. కొన్నింటి మీద బైటార్ట్రేట్ (మందు లవణ రూపం) లెక్కన, కొన్నింటి మీద బేస్ (అసలు మందు) లెక్కన రాస్తారు. 2 మి.గ్రా. బైటార్ట్రేట్‌లో బేస్ సుమారు 1 మి.గ్రా.నే. ఫార్మసీ వేరే కంపెనీది పంపిన రాత్రి "అదే రేటు, బీపీ ఎందుకు మారింది" అని తల పట్టుకునేది దీనివల్లే.

మార్చడం: 50 మి.లీ. సిరంజి 4.5 రేటులో 11 గంటలు వస్తుంది. లోపల ఇంకా 5 మి.లీ. ఉన్నప్పుడు, అంటే గంట ముందే, కొత్తది కలిపి, లేబుల్ వేసి, రెండో పంపులో పెట్టి, పర్జ్ చేసి ఉంచండి. నేను చెప్పే పద్ధతి: కొత్త పంపును అదే రేటులో వేరే త్రీ-వే పోర్టుకు తగిలించి స్టార్ట్ చేయండి. ఆర్ట్ లైనులో (ధమనిలో పెట్టి బీపీ చూసే లైను) బీపీ కాస్త లేవగానే పాతది ఆపండి.

ఇన్‌ఛార్జక్క · సోమవారం, రాత్రి 11:05

డాక్టర్ గారూ, మీ పద్ధతికి ప్రతి మంచానికీ ఒక పంపు అదనంగా కావాలి. చాలా చోట్ల ఉండదు. ఉన్నా, రెండూ నడుస్తుండగా పాతది ఆపడం మరిచిపోతే సిస్టోలిక్ 200 దాటుతుంది. డోస్ తక్కువగా ఉన్న పేషెంట్‌కు, అన్నీ సిద్ధం చేసుకుని, ఇద్దరు నిలబడి సిరంజిని గబుక్కున మార్చేయడమే మేలు.

ఎనస్థీషియా_పీజీ · సోమవారం, రాత్రి 11:20

తక్కువ డోస్‌కు ఒప్పుకుంటాను. 0.2 దాటిన వాళ్లకు మాత్రం పది సెకన్లు కూడా ఎక్కువే, అక్కడ రెండు పంపులే. ఏ పద్ధతైనా ఒంటరిగా చేయొద్దు. సిరంజి అయిపోయే సమయం ఓవర్ ఇచ్చే టైముకు, అంటే పొద్దున 8కి పడేలా ఉంటే ముందే 6కి మార్చేయండి.

నార్అడ్ పోతున్న లైనులో ఇంకేదీ తోయొద్దు. ఎక్స్‌టెన్షన్ లైనులో ఒకటి రెండు మి.లీ. నిలిచి ఉంటుంది. మీరు యాంటీబయాటిక్ తోస్తే దాని ముందు 80 నుంచి 160 మైక్రోగ్రాముల నార్అడ్ ఒక్క తోపుతో పోతుంది. మందు ఆపేసిన తర్వాత కూడా అంతే. లైను ఫ్లష్ చేయకండి, ముందు వెనక్కి లాగి పారేయండి.

మంచిర్యాల_నైట్ · సోమవారం, రాత్రి 11:48

పొటాషియం గురించి కూడా చెప్తే మంచిది. పొద్దుగాల 4 గంటల శాంపిల్‌లో 2.8 అట్ల వస్తది, అప్పుడే కరెక్షన్ పెట్టుడు ఉంటది. సెంట్రల్ లైన్ (పెద్ద నరంల పెట్టిన లైను) ఉంటే ఒక ఆంప్యూల్ 100 మి.లీ. ఎన్ఎస్ (సెలైన్)లో అరగంటల పంపొచ్చు.

ఎనస్థీషియా_పీజీ · మంగళవారం, ఉదయం 6:15

వద్దు, అది ప్రమాదం. మన దగ్గర దొరికే 10 మి.లీ. ఆంప్యూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. సెంట్రల్ లైనులో, మానిటర్ మీద ఉన్నా గంటకు 20 దాటకూడదు. అంటే ఆ 100 మి.లీ.కి కనీసం గంట, పంపులోనే. చేతి సూది అయితే గంటకు 10, అదీ బాగా పలచన చేసి, నరం మండుతుందంటే ఇంకా నెమ్మదిగా. సీసాలో పోసేటప్పుడు వేలాడుతున్న సీసాలోకి కలపొద్దు. మందు బరువుగా కిందే ఉండి మొదట అదే పోతుంది. సీసా దించి, కలిపి, నాలుగైదుసార్లు తలకిందులు చేసి పెట్టాలి. యూరిన్ రాని పేషెంట్‌కు పొటాషియం ఆర్డర్ కనిపిస్తే ఒకసారి ఫోన్ చేసి అడగండి.

మంచిర్యాల_నైట్ · మంగళవారం, ఉదయం 7:50

నిజమే, అరగంట తప్పు. గంటే. పైన రాసింది ఎవ్వరు పాటించకున్రి. ఇంకో మాట: ఆ ఆంప్యూల్ డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్ లెక్కనే కనవడ్తది. ఒక్క ట్రేలో పెట్టొద్దు.

ఫార్మసీ_కిటికీ · మంగళవారం, ఉదయం 10:05

అదే వరసలో ఇన్సులిన్. మన దగ్గర రెగ్యులర్ ఇన్సులిన్ వయల్ ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్లది, 100 యూనిట్లదీ దొరుకుతుంది. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూత సిరంజి 100కి. 100 యూనిట్ల వయల్ నుంచి ఎర్ర మూత సిరంజిలో 40 గీత దాకా లాగితే లోపల ఉండేది 40 కాదు, 100 యూనిట్లు. రెండున్నర రెట్లు. ఇన్ఫ్యూజన్‌కు 50 యూనిట్లు 50 మి.లీ. ఎన్ఎస్‌లో: 40 వయల్ అయితే 1.25 మి.లీ., 100 వయల్ అయితే అర మి.లీ. లాగేముందు వయల్ మీద అంకె పైకి చదవండి, పక్కవాళ్లకు వినబడేలా.

ఇన్‌ఛార్జక్క · మంగళవారం, ఉదయం 10:40

దానికి తోక: ఇన్సులిన్ ప్లాస్టిక్ గొట్టానికి అంటుకుంటుంది. కొత్త లైను వేసినప్పుడు 20 మి.లీ. దాకా లైనులోంచి వదిలేసి అప్పుడు తగిలించాలి, లేకపోతే మొదటి గంటల్లో షుగర్ దిగదు, రేటు పెంచుతారు, తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. ఆ 20 పోను మిగిలేది ఎంత వస్తుందో లెక్క వేసుకుని రెండో సిరంజి కలిపి ఉంచు.

రాత్రిపూట షుగర్ పడిపోవడానికి మామూలు కారణం ఇన్సులిన్ ఎక్కువవడం కాదు, ఫీడ్ ఆగిపోవడం. తెల్లవారి 5కి స్కాన్‌కని ఆర్‌టీ (ముక్కు గొట్టం) ఫీడ్ ఆపుతారు, పంపులో ఇన్సులిన్ మాత్రం పోతూనే ఉంటుంది. ఫీడ్ మీద చెయ్యి పెట్టినప్పుడల్లా ఇన్సులిన్ పంపు వైపు చూడు, డ్యూటీ డాక్టర్‌కు చెప్పు. జీఆర్‌బీఎస్ (మంచం దగ్గరే చూసే షుగర్) గంటకోసారి. చాలా యూనిట్లలో గురి 140 నుంచి 180. 70 కంటే తక్కువైతే ఇన్సులిన్ ఆపి, మీ ప్రోటోకాల్ ప్రకారం 25 శాతం డెక్స్‌ట్రోజ్, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. చేతులు వాచి, చల్లగా ఉన్న షాక్ పేషెంట్‌కు వేలి చుక్క అబద్ధం చెబుతుంది. ఆర్ట్ లైను ఉంటే అందులోంచే తియ్యి.

కాజీపేట_జంక్షన్ · మంగళవారం, మధ్యాహ్నం 1:30

ఆర్ట్ లైను మాట వచ్చింది కాబట్టి. ట్రాన్స్‌డ్యూసర్ (లైనులో ఒత్తిడిని కొలిచే భాగం) గుండె సూటికి, అంటే నాలుగో పక్కటెముకల సందు, చంక మధ్య గీత కలిసే చోటికి ఉండాలి. అది 10 సెం.మీ. కిందికి జారితే బీపీ దాదాపు 7.5 ఎక్కువ చూపిస్తుంది. రాత్రి మంచం పైకి లేపి పేషెంట్‌ను తిప్పుతారు, ట్రాన్స్‌డ్యూసర్ స్టాండుకే ఉండిపోతుంది. ఎంఏపీ 72 అని చూసి నార్అడ్ తగ్గిస్తారు, అసలుది 64. ప్రతి తిప్పుడు తర్వాత లెవెల్ చేయండి, షిఫ్టు మొదట్లో జీరో చేయండి. ప్రెషర్ బ్యాగు 300 దగ్గర ఉండాలి. దిగిపోతే రక్తం వెనక్కి వచ్చి లైను గడ్డకడుతుంది.

ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) తీసేటప్పుడు హెపారిన్‌తో సిరంజి తడిపి మొత్తం బయటికి తోసేయండి. మిగిలితే శాంపిల్ పలచనై కార్బన్ డయాక్సైడ్, బైకార్బ్ తక్కువ వస్తాయి. బుడగ ఉంటే వెంటనే తీసేయాలి. అరగంటలో మిషన్‌లో పడాలి. లిఫ్టు దగ్గర వార్డ్ బాయ్ జేబులో గంట తిరిగిన శాంపిల్‌ను నమ్మి వెంటిలేటర్ సెట్టింగులు మార్చొద్దు.

కొత్తస్టాఫ్_హన్మకొండ · మంగళవారం, మధ్యాహ్నం 2:15

వెంటిలేటర్ అలారం మోగితే కాళ్లు వణుకుతయి. ముందుగాల ఏం చూడాలె?

కాజీపేట_జంక్షన్ · మంగళవారం, మధ్యాహ్నం 3:00

మిషన్ కాదు, మనిషి. ఛాతీ లేస్తుందా, శాట్ ఎంత. శాట్ పడిపోతూ కారణం తెలియకపోతే వెంటిలేటర్ విప్పి అంబుతో 100 శాతం ఆక్సిజన్ ఇస్తూ కేకేయండి. అంబుతో సులువుగా గాలి పోతుంటే తప్పు మిషన్‌దో, గొట్టాలదో. గట్టిగా ఉంటే తప్పు ట్యూబులోనో ఛాతీలోనో: ట్యూబు జారిందా (పెదవి గీత చూడండి), కళ్లె అడ్డుపడిందా (సక్షన్ గొట్టం లోపలికి దిగుతుందా), ఒక పక్క గాలి చప్పుడే లేదా (న్యుమోథొరాక్స్, అంటే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం). ఈ వరస తప్పొద్దు.

లో ప్రెషర్ అంటే ఎక్కడో ఊడింది లేదా కఫ్ (ట్యూబు చివరి గాలి బుడగ) లీకవుతోంది. కఫ్ ప్రెషర్ 20 నుంచి 30 సెం.మీ. నీటి ఒత్తిడి, షిఫ్టుకు రెండుసార్లైనా మీటర్‌తో. వేలితో నొక్కి చూసి "సరిపోయింది" అనేది లెక్కలోకి రాదు.

సక్షన్ గొట్టం ట్యూబు లోపలి వెడల్పులో సగం దాటకూడదు. 8 నంబర్ ట్యూబుకు 12 ఫ్రెంచ్ (తెల్లది), 7 నంబర్‌కు 10 ఫ్రెంచ్ (నల్లది). ముందు 100 శాతం ఆక్సిజన్, లోపల 15 సెకన్లు మించొద్దు, గోడ మీద 120 దాటొద్దు. గంటకోసారి అని గడియారం చూసి చేసేది కాదు. కళ్లె చప్పుడుంటేనే, ప్రెషర్ పెరిగితేనే. ఊరికే చేస్తే నెత్తురు వస్తుంది, పల్స్ పడిపోతుంది.

మంచిర్యాల_నైట్ · మంగళవారం, సాయంత్రం 4:20

నోరు శుభ్రానికి క్లోర్‌హెక్సిడిన్ తప్పనిసరి అన్నది కూడా రాయున్రి.

కాజీపేట_జంక్షన్ · మంగళవారం, సాయంత్రం 4:50

తప్పనిసరి అనలేం. 2022లో వచ్చిన అమెరికా మార్గదర్శకాలు బ్రష్‌తో పళ్లు తోమమంటాయి, క్లోర్‌హెక్సిడిన్ వద్దంటాయి. మీ యూనిట్ ప్రోటోకాల్‌లో ఉంటే వాడండి, కానీ దూదితో అటూ ఇటూ తుడిచి అయిపోయిందనుకోవద్దు. తోమాలి. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు లేపి ఉంచడం అన్నిటికన్నా ముఖ్యం.

ములుగు_రోడ్ · మంగళవారం, రాత్రి 8:10

మందు తాగిన కేసులు అడిగిన్రు. పత్తి, మిర్చి చేన్ల దిక్కు ఇది రోజువారి పని, జెర వివరంగ రాస్త.

వచ్చిన సీసా ఏది, మొదలు అది అడుగున్రి. పురుగుల మందా, గడ్డి మందా అన్నది తేలాలె. ఇంటోళ్లు "చేనుకు కొట్టే మందు" అంటరు, అది రెండిట్ల ఏదైన కావొచ్చు. ఇంకొకల్ని ఇంటికి పంపి సీసా తెప్పియ్యున్రి, లేకుంటే ఫోన్ల ఫొటో తీసి పంపుమనున్రి. ఎందుకంటే గడ్డి మందు పారాక్వాట్ అయితే ఊరికే ఆక్సిజన్ పెట్టుడు ఊపిరితిత్తులకు ఇంకా నష్టం. శాట్ నిజంగ పడిపోతేనే, డాక్టర్ చెప్పినంతనే. నర్సు అలవాటుగ మాస్క్ పెట్టేస్తది, అక్కడ్నే ఆగాలె.

పురుగుల మందు (మోనోక్రోటోఫాస్ లాంటిది) అయితే బట్టలు తీసేసి, సబ్బు నీళ్లతోటి ఒళ్లు, జుట్టు కడగాలె. జుట్టు మర్చిపోతరు. మామూలు పల్చటి గ్లవ్స్ సరిపోవు, నైట్రైల్‌వి రెండు జతలు. ఆ బట్టలు, కడుపు కడిగిన నీళ్ల శాంపిల్ సీల్ చేసి పెట్టాలె, ఎంఎల్‌సీ (పోలీసులకు చెప్పాల్సిన) కేసు కదా. ఎవరికిచ్చిన్రో సంతకం తీసుకోవాలె.

ఇగ అట్రోపిన్. మన ఆంప్యూల్ 0.6 మి.గ్రా. మొదలు 3 నుంచి 5 ఆంప్యూల్స్ ఇచ్చి, 5 నిమిషాలకోసారి చూసి, చాలకుంటే డబుల్ చేసుకుంట పోతరు. ఛాతిల గురగుర పోవాలె, పల్స్ 80 దాటాలె, సిస్టోలిక్ 80 దాటాలె, చంకలు ఆరాలె, కంటిపాప సూదిమొన లెక్క ఉండొద్దు. కంటిపాప ఒక్కదాన్ని నమ్ముకుంటే మోసపోతరు, అది ఆలస్యంగ మారుతది. ఛాతే అసలు గుర్తు.

అట్ల సరిపడ్డంక, మొత్తం ఎంత పోయిందో దాంట్ల 10 నుంచి 20 శాతం గంటకు ఇన్ఫ్యూజన్. 24 మి.గ్రా. పోయిందనుకో, 10 శాతం అంటే గంటకు 2.4. పలచన చెయ్యకుంట 50 ఆంప్యూల్స్ సిరంజిల ఎక్కిస్తే 30 మి.గ్రా., గంటకు 4 మి.లీ. రేటు, పన్నెండున్నర గంటలొస్తది. 50 ఆంప్యూల్స్ పగలగొట్టుడు ఒక్కల పని కాదు, వేళ్లు తెగుతయి, గాజుగుడ్డ వెట్టి విరువాలె. స్టాక్ ఎన్ని ఉన్నయో రాత్రి 9కే చూడున్రి. రెండింటికి 12 ఆంప్యూల్సే మిగిలినయంటే ఫార్మసీల ఎవలు లేవరు.

ఎక్కువైతే కూడా ముప్పే. పేషెంట్ కలవరిస్తడు, మంచం మీద నుంచి లేవబోతడు, ఒళ్లు కాలుతది, స్టెత్ పెడితే కడుపుల చప్పుడుండది. ఈ మూడు కలిసినయంటే అట్రోపిన్ ఎక్కువైనట్టు. కట్టేసి నిద్రమందు అడుగుడు కాదు, ఇన్ఫ్యూజన్ ఆపాలని డాక్టర్‌కు చెప్పాలె. అరగంట నుంచి గంట ఆగి, తక్కువ రేటుల మళ్ల మొదలు పెట్టిస్తరు. ఎండాకాలంల ఏసీ సరిగ లేని వార్డుల ఒళ్లు కాలుడు రెండు తీర్ల అర్థమైతది, అందుకే చంక, కడుపు రెండు చూడున్రి.

ములుగు_రోడ్ · మంగళవారం, రాత్రి 8:35

ముఖ్యమైన ముచ్చట మర్చిపోయిన. మూడో రాత్రి.

మందు తాగిన 24 గంటల నుంచి 96 గంటల మధ్యల, మంచిగైండు, మాట్లాడుతుండు అనుకున్న మనిషికి ఊపిరి కండరాలు చచ్చువడ్తయి. మొదలు పట్టు తప్పేది మెడ. రెండు గంటలకోసారి "దిండు మీద నుంచి తల ఎత్తు, అయిదు లెక్కవెట్టేదాక దించకు" అనున్రి. ఎత్తలేకపోతే, ఇంతకుముందు ఎత్తి ఇప్పుడు వణుకుతుంటే వెంటనే చెప్పున్రి. ఒక్క ఊపిరిల ఎన్ని అంకెలు లెక్కవెడ్తడో కూడా చార్టుల రాయున్రి, 18 ఉన్నది 9 అయితే అది వార్త. శాట్ పడేదాక ఆగొద్దు, అది ఆఖరికి పడ్తది. "పండుకున్నడు, లేపుడు ఎందుకు" అనేది ఈ కేసుల చెల్లది. ట్యూబు వెయ్యనీకి వచ్చిన డాక్టర్‌కు పురుగుల మందు కేసని గట్టిగ చెప్పున్రి. సక్సినైల్‌కోలిన్ (ట్యూబు వేసేటప్పుడు కండరాలు సడలించే మందు) ఇస్తే దాని పట్టు గంటల తరబడి వదలది.

కొత్తస్టాఫ్_హన్మకొండ · మంగళవారం, రాత్రి 9:00

ఇది మాకు క్లాసుల గిట్ల చెప్పలే. పాము కేసులు కూడా వస్తయి కదా అన్నా?

ములుగు_రోడ్ · మంగళవారం, రాత్రి 9:25

వానకాలంల వస్తయి. రెండు మాటలే. గడ్డకట్టే పరీక్షకు 2 మి.లీ. రక్తం, శుభ్రమైన, పొడి గాజు ట్యూబుల, 20 నిమిషాలు కదపొద్దు. ప్లాస్టిక్ ట్యూబుల, సబ్బుతో కడిగిన ట్యూబుల గడ్డకట్టకపోవచ్చు, అది చూసి లేని విషం ఉన్నదంటరు. కట్ల పాము కాటుకు నొప్పి, వాపు ఉండకపోవచ్చు. నేల మీద పండుకున్న మనిషి తెల్లారగట్ల కడుపునొప్పి అని లేచి, కండ్ల రెప్పలు వాలుతున్నయంటే అదే అనుకోవాలె. ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు) వయల్‌ను ఊపొద్దు, నురుగొస్తది, మెల్లగ తిప్పి కరిగియ్యాలె. పక్కనే అడ్రినలిన్ 0.5 మి.గ్రా. సిరంజిల లాగి పెట్టుకోవాలె, కండరానికి ఇచ్చేది.

ఇన్‌ఛార్జక్క · మంగళవారం, రాత్రి 10:10

డాక్టర్‌ని ఎప్పుడు లేపాలి అని అడిగావు. ఎంఏపీ 65 కింద 10 నిమిషాలు నిలిస్తే, యూరిన్ గంటకు కిలోకు అర మి.లీ. కంటే తక్కువ (60 కిలోలకు 30 మి.లీ.) వరుసగా రెండు గంటలు ఉంటే, ఊపిరి నిమిషానికి 30 దాటితే, పిలిస్తే పలికే మనిషి పలకకపోతే, కంటిపాపలు రెండూ ఒకలా లేకపోతే. ఇవి కాకుండా "ఎందుకో బాగా లేడు" అనిపిస్తే కూడా. తిడతారేమో అన్నది ఆలోచించకు, సరిగ్గా చెబితే తిట్టడానికి సందు దొరకదు.

ఫోన్‌లో "సర్, బెడ్ 4కి బీపీ తక్కువుంది" అనకు. ఇలా: "సర్, బెడ్ 4, సెప్సిస్, 60 కిలోలు. 20 నిమిషాలుగా ఎంఏపీ 58. నార్అడ్ 9 మి.లీ. మీద ఉంది, 0.2. రెండు గంటల్లో యూరిన్ 25. లాక్టేట్ సాయంత్రం 2.1, ఇప్పుడు 4.3. ట్రాన్స్‌డ్యూసర్ లెవెల్ చూశాను, లైను బాగుంది. మీరు వచ్చి చూడాలి." ఫోన్ ఆర్డర్ ఇస్తే తిరిగి చదివి వినిపించు, టైముతో రాయి, పొద్దున ఓవర్‌లోపు సంతకం తీసుకో.

కాజీపేట_జంక్షన్ · మంగళవారం, రాత్రి 10:55

రాత్రి పనుల వరస గురించి ఒక గొడవ నాకు ఎప్పుడూ ఉంది. పొద్దున షిఫ్టు వచ్చేసరికి పేషెంట్లు తళతళలాడాలని తెల్లవారి 3కే స్పాంజ్ మొదలుపెట్టే యూనిట్లు ఉన్నాయి. వయసుమళ్లిన వాళ్లు కలవరించడానికి అది చాలు. 12 నుంచి 4 దాకా లైట్లు తగ్గించి, తిప్పడం, జీఆర్‌బీఎస్, మందులు ఒకే విడతలో కానివ్వండి. స్పాంజ్ 5 తర్వాత. శాంపిల్స్ 4కి తీస్తే రౌండ్స్ లోపు రిపోర్టులు అందుతాయి. ఎక్స్‌రే వాళ్లు 5, 5:30కి వస్తారు, అప్పుడెలాగూ లేపాలి.

కలవరింతకు ఇంకో కారణం భాష. మహబూబాబాద్ దిక్కు నుంచి వచ్చిన లంబాడా అవ్వకు, ములుగు నుంచి వచ్చిన కోయ తాతకు మన తెలుగు సగమే అందుతుంది. ఆసుపత్రిలో ఉన్నావు, రాత్రి అయింది, కొడుకు బయటే ఉన్నాడు అన్న మూడు మాటలు ఇంటివాళ్లతో వాళ్ల భాషలో ఫోన్‌లో రికార్డు చేయించి వినిపిస్తే, చాలాసార్లు చేతులు కట్టే అవసరం రాదు. కళ్లజోడు, చెవి మిషన్ ఇంట్లో వదిలి వచ్చారేమో అడగండి.

బయోమెడికల్_అన్న · బుధవారం, ఉదయం 9:30

స్కాన్‌కు తీసుకెళ్లే రాత్రి కోసం: బి టైప్ ఆక్సిజన్ సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లయితే 150 నిమిషాలు, ముల్లు సగంలో ఉంటే 75. పోను, రాను, లిఫ్టు కోసం ఎదురుచూసే టైము కలిపి, దానికి రెట్టింపు ఉంటేనే కదలండి. సిలిండర్ తాళంచెవి సిలిండర్‌కే కట్టి ఉండాలి. డీఫిబ్రిలేటర్ షిఫ్టు మొదట్లో టెస్ట్ చేసి కాగితం చింపి రిజిస్టర్‌లో అతికించండి.

మంచిర్యాల_నైట్ · బుధవారం, ఉదయం 11:15

నిద్ర గురించి ఎవ్వరు రాయలే. మొదటి నైట్‌కు ముందు మధ్యాహ్నం గంటన్నర పండుకోవాలె. పొట్ట నిండ అన్నం తిని రావొద్దు, 8కి ముందు రెండు రొట్టెలు, రాత్రి ఒంటిగంటకు పెరుగన్నం చాలు. 3 నుంచి 5 మధ్యల ఒళ్లు అన్నిటికన్న మొద్దుబారుతది, లెక్కలు తప్పేది అప్పుడే. డైల్యూషన్లు ఆ టైంల వేయాల్సొస్తే పక్కామెతో చూపియ్యాలె. అవకాశముంటే 2 గంటలకు 20 నిమిషాలు కునుకు, అలారం వెట్టుకుని. గంట పడుకుంటే లేచినంక ఇంకా మబ్బుగుంటది. ఆఖరి చాయ 3కి. తర్వాత తాగితే పొద్దున నిద్ర రాదు.

ఇంటికి పోయేటప్పుడు స్కూటీ వద్దు, ముఖ్యంగ వరుసగ మూడో రాత్రి అయినంక. ఆటోల పోవాలె, లేకుంటే డ్యూటీ రూంల అరగంట కునుకు తీసి బయల్దేరాలె. మే నెలల ఎండకు పగటి నిద్ర కష్టం, కిటికీకి మందం దుప్పటి, కూలర్, ఫోన్ సైలెంట్. ఇంటోళ్లకు "12 దాక లేపొద్దు" అని చెప్పాలె.

కొత్తస్టాఫ్_హన్మకొండ · బుధవారం, సాయంత్రం 6:00

అందరికి థాంక్స్, అంత నోట్‌బుక్‌ల రాసుకున్న. ఒక్క డౌట్ మిగిలింది. పొద్దున ఇన్‌టేక్ మొత్తం వేసేటప్పుడు పంపులయి కూడా కలపాల్నా? ఇన్సులిన్ లైను కడిగి వదిలేసిన 20 మి.లీ. కూడా?

ఇన్‌ఛార్జక్క · బుధవారం, సాయంత్రం 6:40

పంపులవి కలపాలి. నార్అడ్ 4.5 చొప్పున రోజంతా పోతే 108 మి.లీ., ఆర్ట్ లైను ఫ్లష్ గంటకు 3 చొప్పున 72, యాంటీబయాటిక్‌ల 100, 100 సీసాలు, ఆర్‌టీలో మందు వేశాక పోసిన నీళ్లు. ఇవన్నీ వదిలేస్తే ఒక్క రోజులో అర లీటరు దాకా తేడా వస్తుంది. ఆ 20 వేయకు, అది పేషెంట్ ఒంట్లోకి పోలేదు, కిడ్నీ ట్రేలోకి పోయింది.